లంగా కట్టిన దున్నపోతు

మా టీవీకి నా మీద చెడ్డ అభిప్రాయం ఏర్పడింది. నిన్న మధ్యాహ్నం పంచాంగం వినడానికి పెడితే, అడగకుండానే కింద ఒక మాంత్రికుణ్ని తెచ్చి నిలబెట్టి, మీకు ఇవి నచ్చవచ్చు అన్నది. మెడలో పుర్రెల దండ, బొగ్గుతో దిద్దిన మీసం, చేతిలో అట్టకత్తి. డెబ్బై రెండేళ్ల మనిషికి ఇలాంటివాడు నచ్చుతాడని దానికి ఎవరు చెప్పారో. ఆ పాపం నాది కాదు. రెండేళ్లపాటు రోజూ మధ్యాహ్నం మా గడపలో పీట వేసుకొని, మా కరెంటుతో ఇలాంటి సినిమాలే చూసిపోయిన ఒక ముసలాయనది. ఆయన పోయి ఏడు నెలలైంది. టీవీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదు కార్వాన్‌లో మా గల్లీ అంతా ఆయన్ని పాలాయన అనే పిలిచేది. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఒకప్పుడు వాళ్లది ముప్పై బర్రెల తబేలా. ఇప్పుడు ఆ చోట కొడుకులు అద్దె గదులు కట్టారు. ముసలాయన ఊరుకోడని ఒక్క బర్రెను వెనక వాకిట్లో ఉంచారు. గదుల మధ్య నడిచే దారిలో పాత గుంజ ఒకటి, బర్రెను కట్టేసే కర్ర, అలాగే పాతి ఉండిపోయింది. దానికి బర్రె లేదు, పలుపు లేదు. అద్దెకు వచ్చిన ప్రతివాడూ దానికి కాలి వేలు కొట్టుకొని తిట్టేవాడు. పీకెయ్యమంటే ముసలాయన వినడు. పీకే కూలీ మిగుల్చుకుంటున్నాడేమోనని నేను మనసులో మెచ్చుకున్నాను కూడా.

మొదటిరోజు వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"చెల్లె, మీ టీవీల పాత కత్తి సినిమాలు వస్తయంట గద. నోటితోని చెప్తె చాలంట."

"వస్తయి. కరెంటు బిల్లు గూడ వస్తది."

తల ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు చెంబులో పాలతో వచ్చాడు.

"పాలు నావి, చాయపత్తి నీది. చక్కెర నాకొద్దు, షుగర్ ఉంది."

ఇలా లెక్క తెలిసిన మనిషిని గడప బయట ఉంచడం మర్యాద కాదనిపించింది. ఇంట్లో ఆయన కోడళ్లిద్దరూ సీరియళ్లు చూస్తారట, రిమోట్ వాళ్ల చేతిలో నుంచి దిగదట. నాకూ పగలు బియ్యం ఏరే పని ఉంటుంది. అలా మొదలైంది.

నేను ఆ సినిమాలు చూడలేదు. ఏరుతూ కూర్చున్నాను, కళ్లు ఉన్నాయి కాబట్టి కనిపించాయి. పాతచీరతో పన్నెండేళ్లుగా దిండు గలీబులు కుట్టుకుంటున్న నేనే ఆ సినిమాలు తీసినవాళ్ల పొదుపు చూసి సిగ్గుపడ్డాను. అన్నిటికీ ఒకటే కోట. పొద్దున అది మహారాజుది, సాయంత్రం మాంత్రికుడిది. గాలి వీస్తే గోడ ఊగుతుంది. పదిమంది సైనికులు ఒక తలుపులోంచి వచ్చి, వెనక నుంచి చుట్టి మళ్లీ అదే తలుపులోంచి వచ్చి లక్ష సైన్యం అవుతారు. ఏడు సముద్రాల అవతలి రాక్షసుడికి వీపున కుట్టు ఊడి లోపలి బనియను కనిపిస్తుంది. ఎగిరే మంచానికి తీగలు, ఆ తీగలకు సాలెగూళ్లు. కత్తి దిగినవాడు పడే ముందు వెనక్కి చూసుకొని, రాళ్లు లేని చోటు ఎంచుకొని మరీ పడతాడు. బుద్ధిమంతుడు. చిరిగితే చొక్కా ఎవరు కుట్టిస్తారు?

పాలాయన ఇవేవీ చూసేవాడు కాదు. రాజకుమారిని చూడడు, రాజకుమారుణ్ని చూడడు, పాట వస్తే తల తిప్పుకుంటాడు. ఆయన చూసేది జంతువుల్ని. తెర మీద గుర్రం బెదిరితే "హా, హా, ఏం గాదు" అని ఇక్కడి నుంచి సముదాయిస్తాడు. గుర్రం ఆగేది. ఎలాగూ ఆగాల్సిందే అనుకోండి, ఆయన మాత్రం తనవల్లే ఆగినట్టు గ్లాసు అందుకునేవాడు.

"చెల్లె, ఆ గుర్రం చూడు. ఎనక ఎడమకాలు లాగుతుంది."

"రాజకుమారుడి గుర్రం అన్నా అది. గాలికంటె జోరుగ ఉరుకుతదని ఇప్పుడే పాట పాడిండ్రు."

"పాడినోడు ఎక్కి చూసిండా? మొన్నటి సినిమాల దొంగల నాయకుడి కింద గూడ ఇదే ఉండె. మలక్‌పేట రేసుల పనికి రాకుంటె ఇటు తోలి ఉంటరు."

"దొంగది మచ్చల గుర్రం. ఇది తెల్లది."

"మచ్చలు మసితోని పెట్టిండ్రు. మనిషి వేషం మారుస్తడు గని చెల్లె, జంతువు నడక మార్చదు."

ఈ మాట ఆయన రోజుకొక్కసారైనా అనేవాడు. తర్వాత చూస్తే నిజమే. ఆ కుంటి గుర్రం మాకు ఎన్ని సినిమాల్లో కనిపించిందో. యుద్ధంలో ఇటువైపు అదే, అటువైపు అదే. తన మీదికి తానే దండెత్తిన గుర్రాన్ని లోకంలో ఇంకెక్కడా చూడలేం.

ఒకసారి రాజకుమారి పాలతో నిండిన తొట్టిలో జలకమాడుతోంది. నాకు ఒళ్లు మండింది. కాగులకొద్దీ పాలు, పైన గులాబి రేకులు.

"పాలు గావు," అన్నాడు ఆయన, గ్లాసులోకి ఊదుకుంటూ. "పాలైతే అంచుకు మీగడ కడ్తది. సున్నపు నీళ్లు అవి. సున్నం ఒంటికి తగిలితే దురద పెడ్తది. పాపం, ఆ పిల్ల ఎట్ల నవ్వుకుంట కూసుందో."

రాజకుమారిని ఆయన తలెత్తి చూసింది ఆ ఒక్కసారే, అదీ దురద సంగతి వచ్చింది కాబట్టి.

ఇంకొకసారి సేనాపతి వేలికి కట్టు కట్టుకొని సభలోకి వచ్చాడు. గంట తర్వాత యుద్ధంలో గానీ ఆ వేలు తెగలేదు. నేను నవ్వాను.

"సినిమా వరసగ తియ్యరు చెల్లె. ముందు పెండ్లి తీస్తరు, పెండ్లిచూపులు మల్ల తీస్తరు."

"నీకెట్ల ఎరుక?"

"చూసిన," అని తల వంచుకొని చాయ తాగాడు.

నా కంటికి ఒక సంగతి ఆనింది. ఆ సినిమాల్లో మాంత్రికుడన్నాక బలి ఉంటుంది. మనిషిని బలి ఇస్తున్నా పాలాయన తాపీగా చాయ తాగేవాడు. మేకను తెచ్చినా అంతే. దున్నపోతును తెచ్చారంటే మాత్రం గ్లాసు నేల మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగేవాడు. చూసి "కాదు" అనేవాడు. చెంబు తీసుకొని వెళ్లిపోయేవాడు. సినిమా పూర్తయ్యేదాకా ఉండేవాడు కాదు. ఏంది కాదు అని అడిగితే వినపడనట్టు చెప్పులు వెతుక్కునేవాడు.

ఇదిలా ఉండగా ఆయన చూపు తగ్గడం మొదలైంది. షుగర్ తిన్నదట. గడపలో ఉండే పీట నట్టింట్లోకి వచ్చింది. నట్టింట్లోంచి టీవీ బల్లకు ఆనుకుంది. మా గచ్చు మీద ఆ పీట కాళ్ల గీతలు ఇప్పటికీ ఉన్నాయి, రుద్దినా పోవడం లేదు. ముక్కు తెరకు తగిలేంత దగ్గర కూర్చొని "ఇది గుర్రమా, మనిషా?" అని అడిగే రోజు వచ్చింది. ఆ రోజు నేను చేట కింద పెట్టి గట్టిగానే అడిగాను.

"అన్నా, ఉన్న రవ్వంత చూపు ఇంట్లోళ్ల మొఖాలు చూసుకోనీకి ఉంచుకో. ఈ మాంత్రికుల బొగ్గు మీసాల మీద ఎందుకు ఖర్చు పెడుతున్నవ్?"

చెంబు అంచు తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు చాంద్రాయణగుట్ట అవతల ఒక కత్తి సినిమా తీశారట. అప్పుడక్కడ ఫ్లైఓవర్ లేదు, బస్సుల రద్దీ లేదు, గుట్టలే. కంపెనీవాళ్లు దున్నపోతు కోసం కార్వాన్ వచ్చారు. మాంత్రికుడు దాన్ని బలి ఇవ్వాలి. తబేలాలో తిరిగి చూసి, దున్నపోతు ఎందుకు, పాలిచ్చే బర్రెనే పంపండి అన్నారట. పొద్దున పాలు కంపెనీవాళ్ల చాయకు, మధ్యాహ్నం మెడ మాంత్రికుడి కత్తికి. పొదుగు కనపడకుండా నడుముకు నల్లగుడ్డ చుడతాం అన్నారట. నా బతుకులో ఎన్నో పొదుపులు విన్నాను, చేశాను. దీనికి మాత్రం దండం పెట్టాలి.

"ఉత్తగ కత్తి ఎత్తుతరు, గంతే అన్నరు. మా అమ్మ నా చేతిల పలుపు పెట్టి, దీన్ని ఇడిచిపెట్టి ఎటూ పోకు బిడ్డా అన్నది. మొదటిరోజు ఇడువలే. రెండోరోజు పగటీలి అన్నంల డబల్ కా మీఠా పెట్టిండ్రు. అక్కడున్నోని చేతిల పలుపు పెట్టి పోయిన. రెండోసారి గూడ పెట్టించుకున్న చెల్లె. వచ్చి చూస్తే బర్రె లేదు. రాతి మీద ఎర్రగ ఉంది. ఆ మాంత్రికుడు కత్తి తుడుచుకుంట కూసున్నడు, మెల్లకన్ను వానికి. నా బర్రె ఏదన్నా అంటె, అమ్మోరు తీసుకపోయింది అని నవ్విండు."

"నువ్వేం జేసినవ్?"

"ఉరికిన. ఇంటికి పోలే. మలక్‌పేటల మేనత్త ఇంట్ల నాలుగు రోజులు దాసుకున్న. మా అమ్మకు తెలిసి, ఆమె గుట్ట కాడికి పొయ్యేసరికి డేరాలు లెవ్వు, మనుషులు లేరు. నన్ను ఒక్కమాట అనలే. గా గుంజకు మాత్రం సచ్చేదాక ఇంకో బర్రెను కట్టనియ్యలే."

సినిమా పేరు ఆయనకు తెలియదు. కంపెనీవాళ్లు దాన్ని నంబరుతో పిలిచేవారట. పేరు తెలిసినా చదవడం రాదు. అందుకే మెల్లకన్ను మాంత్రికుడి కోసం, నడుముకు గుడ్డ చుట్టిన దున్నపోతు కోసం కనపడ్డ కత్తి సినిమానల్లా చూస్తున్నాడు.

ఓదార్చడం నాకు చేతకాదు. ఉన్నమాట అన్నాను.

"యాభై ఏండ్ల కింది బర్రె. కోసినా కొయ్యకున్నా ఇప్పటికి పొయ్యే ఉంటది."

"పోయిందని నాకు ఎరుకే. నేను ఇడిచిపెట్టబట్టి పోయిందా, దాని సావు అది సచ్చిందా, అది తెలవాలె. కండ్లు మొత్తం పోకముందు తెలవాలె."

ఆ రోజు నుంచి వెతకడం నా పని అయింది. నేను చదివింది మూడో తరగతి, సినిమా పేర్లు కూడబలుక్కోవడానికి అది చాలు. రిమోట్ నోటి దగ్గర పెట్టుకొని "దున్నపోతు, బలి, మాంత్రికుడు, పాతది" అని చెప్పేదాన్ని. అది సంతలో బర్రెల బేరం చూపించేది. అవి కూడా ఆయన శ్రద్ధగా వినేవాడు. ఒకనాడు మా మనవరాలు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నది.

"నానమ్మా, ఏంది నువ్వు పొద్దుగూకక ముందే క్షుద్రపూజలు మొదలుపెట్టినవ్?"

"నీకు మొగుడు దొరకాలని చేస్తున్న. చెప్పులు బయట ఇడువు."

దొరికింది వానాకాలంలో. ఎవరో పాత క్యాసెట్టులోంచి ఎక్కించిన సినిమా. పేర్లు పడే భాగమే లేదు, సగం మాటలోంచి మొదలైంది. తెలుపు నలుపు బొమ్మ, మధ్య మధ్య గీతలు. కోట ఊగింది, కుంటి గుర్రం వచ్చింది. నేను పప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఆయనకు అప్పటికి తెర మీద వెలుగు నీడ తప్ప ఏమీ తెలియడం లేదు, నేను చెప్పాల్సిందే. నేను నాకు తోచినట్టు చెప్పేదాన్ని.

"గుట్టల మీద మాంత్రికుడు. ఒక కన్ను మన దిక్కు, ఒక కన్ను వాళ్ల ఊరి దిక్కు. దున్నపోతును తెచ్చిండ్రు. దాని ఒళ్లంత సున్నంతోని పట్టెలు పెట్టిండ్రు. దానికి లంగా కట్టిండ్రు, చూడు అన్నా, ఎవడన్న దున్నపోతుకు..."

ఆయన చాయ గ్లాసు నేల మీద పెట్టాడు.

"కొమ్ములు చెప్పు చెల్లె."

"కుడిది పైకుంది. ఎడమది కిందికి వంగి చెవిని తాకుతుంది."

"నడిపిస్తున్నరా?"

"నడిపిస్తున్నరు. ముందు కాలు లోపలికి వేస్తుంది, చీర కుచ్చెళ్లు అడ్డం పడ్డట్టు."

"నాదే," అన్నాడు.

మెల్లకన్నువాడు కత్తి పైకెత్తాడు.

"ఆపు."

ఆపాను. యాభై ఏళ్లు దీనికోసం కాచుకున్న మనిషి, వచ్చాక ఆపమన్నాడు. తెర మీద కత్తి అలాగే ఉంది. అది అట్టకత్తి అని, కొస వంగి ఉందని నాకు కనిపిస్తోంది. ఇన్ని రోజులు ఆ వంకర కత్తుల్ని చూసి నవ్వినదాన్నే, రిమోట్ పట్టుకొని కూర్చున్నాను. చాయ మీద మీగడ కట్టింది.

"పెట్టు."

కత్తి దిగింది. బొమ్మ మారింది. తల వచ్చి రాతి మీద పడింది.

"తల పడ్డది అన్నా."

ఆయన చేయి గచ్చు మీద దేనికోసమో వెతికింది, పలుపు కోసమన్నట్టు.

"ఆగు. పడి రెండుసార్లు ఎగిరింది, ఉత్త గంప లెక్క. బరువు తల ఎగురుతదా? రెండు కొమ్ములూ సమంగ ఉన్నయి. ఇది కాగితం గుజ్జు తల. మెడ కాడ అతికిచ్చిన గీత గూడ తెలుస్తుంది."

"తల గుజ్జుదే కావొచ్చు. దాన్ని మాత్రం తర్వాత ఏం చేసిండ్రో ఎవరికి ఎరుక? రాతి మీద ఎర్రగ నేను చూసిన."

"సూద్దాం ఉండు."

ఆ రోజు మొదటిసారి మేము దున్నపోతు వచ్చిన సినిమాను చివరిదాకా చూశాము. రాక్షసుడు చచ్చాడు, మాంత్రికుడు పొగలో కలిశాడు, రాజకుమారుడికి పట్టాభిషేకం. ఊరేగింపు మొదలైంది. ఏనుగులు తేలేదు, ఎవరింట్లో పడి ఉన్నాయి ఏనుగులు? ముందు కుంటి గుర్రం, వెనక ఆ పదిమంది, వాళ్ల వెనక మెడలో బంతిపూల దండతో ఒక బర్రె. లంగా లేదు. ముందు కాలు లోపలికి వేస్తోంది. బలి ఇచ్చిన జంతువును పట్టాభిషేకానికి పిలిచిన రాజ్యం అది ఒక్కటే.

"అన్నా, మల్ల వచ్చింది. అదే కొమ్ము. అదే నడక."

ఆయన సంతోషపడతాడనుకున్నాను. ముఖం ఇంకా బిగుసుకుంది.

"ముందు తీసిండ్రా, ఎనక తీసిండ్రా? పెండ్లి ముందు తీస్తరు చెల్లె. నేను అన్నం కాడ ఉన్నప్పుడే ముందు ఈ ఊరేగింపు తీసి, ఎనక బలి తీసి ఉంటే?"

ఆ ముక్క నాకు నేర్పింది ఆయనే. నేనూ అదే అనుకుంటున్నాను, పైకి అనలేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. ఇంకోసారి పెట్టాను. మూడోసారి లేచి తెర దగ్గరికి వెళ్లి, ఆయన పక్కన గచ్చు మీద కూర్చొని చూశాను. అరవై ఏళ్లుగా గిన్నెలు తోముతున్నాను, ఏటేటా గోడలకు సున్నం కొట్టి గచ్చు కడుగుతున్నాను. కడిగింది ఏదో, కడిగినట్టు నటించింది ఏదో నాకు ఎవరూ చెప్పక్కర లేదు.

"ఎనక తీసిండ్రు."

"ఎట్ల చెప్తవ్?"

"సున్నం. బలి కాడ ఒళ్లంత పట్టెలున్నయి గద, అవి కడిగిండ్రు. కడగనీకి చేతులు రాలే సోమరిపోతులకు. మీద మీద నీళ్లు గుమ్మరించిండ్రు. చెవుల ఎనక తెల్లగ అట్లనే ఉంది. ఎడమ కొమ్ము మొదట్ల గూడ ఉంది. బలి అయినంకనే ఈ ఊరేగింపు. నీ బర్రెను ఎవడూ కొయ్యలే. నువ్వొచ్చేసరికి కడగనీకి తోలుకపోయి ఉంటరు, రాతి మీద ఎర్రగున్నది రంగే."

నేను ఎవరి ముచ్చట కోసమూ అబద్ధం ఆడనని గల్లీ అంతా తెలుసు. ఆయనకూ తెలుసు. అంటే, ఈయన నాలుగు రోజులు మేనత్త ఇంట్లో దాక్కున్నప్పుడు ఆ బర్రె గుట్టల్లోనే ఉంది, దండ వేసుకొని ఊరేగుతోంది. ఒక్కరోజు ఆగి ఉంటే తోలుకొచ్చుకునేవాడు. ఈ మాట నా నాలుక చివరన ఉంది. నా నాలుక చివరికి వచ్చిన మాట వెనక్కి పోవడం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. ఆ రోజు పోయింది.

"చెవుల ఎనక ఉందా?" అన్నాడు ఆయన.

"ఉంది."

"నేనుంటే కడిగేటోన్ని. దురద పెట్టి ఉంటది దానికి."

చెంబు కోసం తడుముకుంటూ లేచాడు. ఆ రోజు చాయ తాగలేదు. పారబొయ్యడం ఎందుకని నేనే తాగాను.

ఇక రాడనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం చెంబుతో గడపలో ఉన్నాడు.

"దొరికింది గద అన్నా, మల్లెందుకు?"

"గుర్రం సంగతి తేలలే. దాని కాలికి ఏమైందో."

ఆ గుంజ మాత్రం పీకించాడు. వెనక వాకిట్లో ఉన్న బర్రె దగ్గర పాతించి, బర్రెను దానికే కట్టాడు. చూపు లేకపోయినా పాలు తానే పిండేవాడు. చెవుల వెనక కొబ్బరిపీచుతో రుద్దేవాడట, రోజూ. బర్రెకు విసుగొచ్చి కదిలిపోతోందని కోడళ్లు నాతో చెప్పుకొని నవ్వారు.

చలికాలం వెళ్లేముందు ఒక పొద్దున పోయాడు. గల్లీ అంతా కదిలింది, నేనూ వెళ్లాను. వాకిట్లో ఆయన్ని కూర్చోబెట్టి చివరి స్నానం చేయిస్తున్నారు. పసుపు పూశారు, బిందెలతో నీళ్లు పోస్తున్నారు. తొందర తొందరగా, మీద మీద. ఎండెక్కుతోందని ఎవరో కేక వేశారు. పసుపు చెవుల వెనక ముద్దగా అలాగే ఉంది.

"గట్ల గుమ్మరించుడు కాదు," అన్నాను. "చెవుల ఎనక సక్కగ కడుగుండ్రి."

ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగి నావైపు చూశారు. ఈమె చావింట్లో కూడా వంకలు పెట్టడం మానదు అనుకొని ఉంటారు. అనుకోనీ. కడిగారు.